ఆగాశే వారి మరమ్మతు పేజీ

పుణె నగరం, సదాశివ పేఠలోని ఆగాశే పాత్రల దుకాణం వారి ఆన్‌లైన్ అంగడి ప్రతిరోజూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు గంటల దాకా మూసి ఉంటుందని ఇందుమూలంగా సమస్త ప్రజలకూ తెలియజేయడమైనది. ఆ సమయంలో పేజీ తెరిస్తే దించిన షట్టరు బొమ్మ కనిపిస్తుంది. దాని మీద వేలితో ఎంత తట్టినా ఎవరూ పలకరు. ఇది లోపం కాదు, ఏర్పాటు. ఈ ఏర్పాటు చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

యజమాని గజానన్ ఆగాశేకి డెబ్బై రెండేళ్లు. పేఠలో అందరూ అప్పా అంటారు. నిద్రపోయేవాణ్ని లేపి గరిటె కొనేవాడు కొనుగోలుదారుడు కాడు, దోపిడీదారుడు అన్నది ఆయన సిద్ధాంతం. దుకాణం గోడల మీద పంతొమ్మిది బోర్డులుంటాయి. "మాటలకు ధర లేదు, అందుకే అమ్మడం లేదు" అన్నది వాటిలో అన్నిటికన్నా మర్యాదైనది.

దుకాణం మూలలో ఒక బల్ల ఉంది. ఆ బల్ల దగ్గర శ్రీపతి మామ ముప్పై ఒక్క ఏళ్లుగా జంతికల్లాంటి చక్లీలు వత్తే గొట్టాలు, పురణ్ పోళీ అనే బొబ్బట్లకి పప్పు రుబ్బే యంత్రాలు, మిక్సీలు బాగు చేస్తున్నాడు. ఈ మధ్య జనం దేన్నీ బాగు చేయించుకోవడం లేదు. మర తిరక్కపోతే గొట్టాన్ని పారేసి ఇంకోటి కొంటున్నారు. అందుచేత ఆ మూలలో ఫోన్ కవర్లు పెట్టుకుంటానని అప్పా మేనల్లుడు అడిగాడు. దీపావళి మొదలయ్యే వసుబారస్ రోజులోపు యాభై మరమ్మతులు రాకపోతే బల్ల తీసేయాల్సిందేనని అప్పా ప్రకటించారు.  శ్రీపతి మామ ఎప్పుడూ ఏమీ అనడు. స్క్రూడ్రైవర్లన్నీ తీసి వరుసగా తుడుచుకున్నాడు.

అప్పా మనవరాలు, నా స్నేహితురాలు మృణ్మయి నేను వెబ్ పేజీలు కట్టే ఆఫీసుకి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"మరమ్మతులకి ఒక మంచి పేజీ కట్టివ్వవే. బల్ల పోతే మామ కూడా ఇంటికెళ్లిపోతాడు. ఇంటికెళ్లి ఏం చేస్తాడు? ఉన్న ఒక్క టీవీనీ విప్పుతాడు. అత్త నన్ను చంపుతుంది."

పేజీలు కట్టడం మీద నేను ఏడాది పాటు చదువుకున్నాను. సర్టిఫికెట్ కూడా ఉంది. కాబట్టి మరమ్మతు అన్న మాట ఎక్కడా రాకుండా జాగ్రత్త పడ్డాను. "మీ వంటింటి ప్రయాణంలో మేమూ ఒక అడుగు" అని పెద్ద అక్షరాల్లో పెట్టాను. దాని కింద నవ్వుతున్న దంపతుల ఫోటో. దాని కింద ఆకాశం. ఆకాశం ఎందుకని మృణ్మయి అడిగింది. ఊపిరి ఆడడానికి అని చెప్పాను.

మా ఆఫీసు బాసు ఘైసాస్ సార్ చూసి కళ్లద్దాలు తుడుచుకున్నారు. మీటింగ్ పెట్టి ప్రసంగించారు. "ఫ్రెండ్స్! జనం వస్తువు బాగుచేయించుకోరు. జనం జ్ఞాపకాన్ని బాగుచేయించుకుంటారు! ధర చెప్పామా, బేరంలోకి దిగిపోయాం. గడువు చెప్పామా, గడియారానికి దొరికిపోయాం. ఏమీ చెప్పకుండా అన్నీ అనిపించాలి!" అందరం చప్పట్లు కొట్టాం. నేను నిలబడి కొట్టాను.

తర్వాత పేజీ ఇంకా అభివృద్ధి చెందింది. దుకాణం పుట్టినప్పటి నుంచి చరిత్ర చేరింది. అప్పా తండ్రిగారి తలపాగా ఫోటో చేరింది. అడగ్గానే జవాబిచ్చే ఒక కంప్యూటర్ సహాయకురాలు చేరింది. మిక్సీ తిరగడం లేదని రాస్తే, "మీ బాధ నాకు అర్థమైంది, మీరు ఒంటరి కారు" అనేది. ఆర్డరు ఇచ్చే మీటని ఆకాశంలో కలిసిపోయేలా లేత నీలంలో పెట్టాం. అది నాజూకు అని మా అభిప్రాయం.

పన్నెండు రోజుల్లో నాలుగు వేల మంది పేజీ చూశారు. అందులో తొమ్మిది మంది పెళ్లి సంబంధాల గురించి అడిగారు. నాశిక్ నుంచి ఒకావిడ ఆ తలపాగా ఎంతకిస్తారని అడిగింది. మరమ్మతులు మాత్రం రాలేదు. ఒక్కటి వచ్చిందని మేము పండగ చేసుకున్నాం గానీ, అది శ్రీపతి మామ భార్య పంపిన సొంత మిక్సీ అని తర్వాత తెలిసింది.

వసుబారస్ ఇంకా పదకొండు రోజులుంది. మేనల్లుడు టేపు తెచ్చి బల్ల కొలుచుకుని వెళ్లాడు.

ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకి, ఊరంతా పడుకునే వేళ, నేను దుకాణంలో కూర్చుని పేజీ దిద్దుతుండగా ఫోను మోగింది. పేజీ మొత్తం చదివినా ఏమీ అర్థం కాక ఒకావిడ ఫోను చేసింది. చక్లీ గొట్టం బాగు చేస్తారా, చేస్తే ఎంత, ఎన్ని రోజులు అని అడిగింది. మేడ మీద ఫోనెత్తిన అప్పా బనీనుతోనే కిందికి దిగారు.

"ఏయ్ పిల్లా! అంత పొడుగు పేజీ కట్టావు కదా, ఆవిడ అడిగిన మూడు ముక్కలూ అందులో ఎందుకు లేవు?"

"ఉన్నాయి అప్పా. జనం వాటిని ఫీలవ్వాలి."

"ఫీలయింది నేను. నిద్రలోంచి లేచి. రాసుకో!"

ఆయన నిలబడి చెప్పారు, నేను కూర్చుని రాశాను. నిద్ర పాడైన మనిషి కాబట్టి ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు.

"చక్లీ గొట్టాలు, పురణ్ యంత్రాలు, మిక్సీలు బాగు చేస్తాము. ఫోన్లు చేయము. మీ అబ్బాయి ఫోను కూడా చేయము.

గొట్టానికి అరవై రూపాయలు, యంత్రానికి నూట ఇరవై, మిక్సీకి రెండొందల యాభై. తగ్గించము. మీ అత్తగారికీ తగ్గించలేదు.

మూడు రోజులు పడుతుంది. రెండో రోజు అడిగితే నాలుగు రోజులు పడుతుంది.

కడిగి పంపండి. నిన్న మీ ఇంట్లో ఏం వండారో మేము అడగలేదు.

బాగు కాకపోతే కాదని చెప్పి తిప్పి పంపుతాము, డబ్బు తీసుకోము. ఓదార్పు మీరే చూసుకోవాలి.

ఒంటిగంట నుంచి నాలుగు దాకా పడుకుంటాము. ఈ పేజీ కూడా."

కింద ఎర్ర మీట. దాని మీద "పంపుతారా, లేదా?" అని ఉంటుంది.

ఘైసాస్ సార్‌కి చూపిస్తే ఛాతీ పట్టుకున్నారు. "ఇందులో ఆకాశం ఏది?" అన్నారు. అప్పటికే పేజీ జనంలోకి వెళ్లిపోయింది. సాయంత్రానికి ముప్పై ఆర్డర్లు వచ్చాయి. మర్నాటికి నూట పది. కోథ్రూడ్ నుంచి, సాంగ్లీ నుంచి, ఒకటి గోవా నుంచి. వచ్చినవన్నీ తళతళా కడిగి ఉన్నాయి. రెండో రోజు ఎవ్వరూ ఫోను చేయలేదు. ఏం చేస్తారో, ఎంతకి చేస్తారో, ఎప్పటికిస్తారో చెప్తే జనం పని ఇస్తారన్న సంగతి వినియోగదారుల శాస్త్రంలో ఎక్కడా లేదు. కనుక ఈ విజయానికి కారణం అప్పా అంటించిన చురకలేనని నిపుణులు తేల్చారు. అందరికన్నా ముందు తేల్చింది ఘైసాస్ సార్. ఆయనకి అవార్డు కూడా వచ్చింది. వేదిక మీద ఆయన ఛాతీ పట్టుకోలేదు.

పుణెలో కొత్త శకం మొదలైంది. ఒక బ్యాంకు తన పేజీలో "మీరు రాకపోయినా మాకేం నష్టం లేదు" అని పెట్టింది. ఒక కంటి ఆసుపత్రి "ఇది చదవగలుగుతున్నారంటే మీరు రానక్కర్లేదు" అంది. ఫీజు ఎంతో, ఎవరిని కలవాలో ఇద్దరూ రాయలేదు. అందరూ తెగ మెచ్చుకున్నారు.

వసుబారస్ నాటికి మరమ్మతులు మూడొందలు దాటాయి. మేనల్లుడు తన టేపుని తనే చుట్టుకుని వెళ్లిపోయాడు. మృణ్మయి బల్లకి పూలదండ వేసింది. శ్రీపతి మామ దండ తీసి పక్కన పెట్టి, పనికి అడ్డం వస్తోందన్నాడు. అంత పొడుగు మాట అతని నోట మేం విన్నది అదే మొదటిసారి.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. శ్రీపతి మామ స్వభావం మెత్తన. బాగుచేసిన ప్రతి వస్తువుకీ చీటీ కట్టి, "ధన్యవాదాలు, సుఖంగా వాడుకోండి" అని రాసేవాడు. ఫిర్యాదులు మొదలయ్యాయి. "గొట్టం కొత్తదానికన్నా బాగుంది. మూడో రోజే చేరింది. కానీ చీటీ మీద ధన్యవాదాలట! ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని విప్పాం, పరువు పోయింది. రేటింగు ఒక్క స్టారు." అలాంటివి నలభై రెండు. ఆర్డర్లు సగానికి పడ్డాయి. మేనల్లుడు మళ్లీ దుకాణం ముందు తచ్చాడడం మొదలెట్టాడు.

అప్పా పని ఆపించి మామని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "శ్రీపతీ, బల్ల ఉండాలంటే ఒక్క చురక రాయి. నా పక్కన ముప్పై ఒక్క ఏళ్లు కూర్చున్నావు, ఒక్కటైనా అంటుకోలేదా?"

మామ పెన్సిలు పట్టుకుని గంట కూర్చున్నాడు. మొదట "మీరు కొంచెం" అని రాసి కొట్టేశాడు. తర్వాత "క్షమించండి" అని మొదలెట్టాడు. మృణ్మయి లాక్కుని చింపేసింది.

"మామా, ఎదురుగా ఎవరూ లేరనుకో. మనసులో ఉన్నది రాయి!"

మామ ముందున్న మిక్సీని చూశాడు. నిట్టూర్చి రాశాడు: "దీనికి ఏ జబ్బూ లేదు. ఈసారి ప్లగ్గు పెట్టి చూడండి."

ఆ చీటీ ఫోటోని రెండు లక్షల మంది చూశారు. అందుకున్నావిడ దానికి ఫ్రేము కట్టించింది. అప్పటినుంచి బల్ల నిండుగా ఉంది. లెక్క తీస్తే వచ్చే మిక్సీల్లో మూడో వంతుకి ఏ రోగమూ లేదు. వాటిని పంపినవాళ్లు మామ చేత మాట అనిపించుకోవడానికి పంపుతున్నారు. వృథా రవాణా ఎందుకని పేజీలో కొత్త సేవ చేర్చాం: చురక మాత్రమే. అరవై రూపాయలు, మూడు రోజులు, వస్తువు పంపనక్కర్లేదు. ఆ మీట మిగతా అన్నిటికన్నా ఎక్కువ అరిగింది.

అందులోనూ సగం ఆర్డర్లు మన హైదరాబాదు, విజయవాడ, విశాఖల నుంచే వస్తున్నాయని తెలిసి, తెలుగుదాన్ని కాబట్టి నాకు గుండె నిండిపోయింది. అప్పా నన్ను పిలిచి తెలుగు పేజీ కట్టమన్నారు. కట్టాను. ధర, గడువు స్పష్టంగా ఉన్నాయి. కావలసినవారు పేరు, చిరునామా, తాము చేసిన తప్పు ఒక్క వాక్యంలో రాసి పంపగలరు. మొదటి రోజే పదిహేను వందలు వచ్చాయి. అందరూ డబ్బు కట్టారు, అందరూ చిరునామా పొల్లుపోకుండా ఇచ్చారు. తప్పు రాయాల్సిన చోట మాత్రం అందరూ పక్కింటివాళ్ల పేరు రాశారు.