కారం మానేసిన బుల్లయ్య

అమ్మా, అయ్యా, కాస్త ఇటు జరిగి కూర్చోండి. ఫోన్లు జేబుల్లో పెట్టండి, పిల్లల నోట్లో తలా ఒక బెల్లంముక్క పెట్టండి. మధ్యలో ఎవరన్నా మాట్లాడారంటే నా కథ అలిగి పక్కూరు వెళ్లిపోతుంది. తర్వాత మీ ఇష్టం.

బుల్లయ్య మిరపకాయ సంగతి వేరే చెప్పాలా? ఆయన కల్లం మీదుగా ఎగిరే కాకి తుమ్మకుండా దాటదు. అలాంటి కాయ పండించే మనిషి నెల్లాళ్లుగా కారం ముట్టలేదు. గురువుగారి ఆజ్ఞ! అనంతపద్మనాభం గారు పోయిన నెల ఈ కల్లంలోనే ఎర్రటి రాశుల మధ్య నిలబడి, ఘాటుకు కళ్లు తుడుచుకుంటూ "అహం" అని, ఒక్క క్షణం ఆగి, "కారం మానెయ్ నాయనా" అన్నారు. ఆ క్షణం నుంచి బుల్లయ్యకు తెల్లారకముందే స్నానం, గురువుగారి పటానికి దీపం, జపం, ఆపైన చప్పిడి పప్పు. రోజూ సాయంత్రం బజ్జీల బండి దగ్గరకు పనిగట్టుకుని వెళ్లి, మిరపకాయ బజ్జీ వద్దని నలుగురూ వినేలా చెప్పి వచ్చేవాడు.

ఆ పొద్దున ఆయన అనుకున్నది చిన్న పని. జపం ముగించాలి, గుంటూరు వ్యాపారి చైతన్యకృష్ణకు కాయ అమ్మాలి. పైన మబ్బు కమ్ముతోంది. ఇవాళ కాయ కదలకపోతే ఏడాది కష్టం వాన పాలు.

చైతన్యకృష్ణ ఒక కాయ విరిచి, తుమ్మి, మురిసిపోయాడు. హనుమాయమ్మ ఇద్దరికీ కల్లంలోనే అన్నం పెట్టింది. వ్యాపారికి ఎర్రటి పచ్చడి, మొగుడికి తెల్లటి పెరుగన్నం.

"అదేందండీ, పచ్చడి మీరు వేసుకోరా?"

"నేనా? ఈ కాయ ముట్టను. గింజ కూడా ముట్టను!" అని బుల్లయ్య రొమ్ము విరిచాడు.

వ్యాపారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏం, పురుగుమందు ఎక్కువ కొట్టారా?"

"ఛ! మా గురువుగారు వద్దన్నారు."

"ఏ గురువుగారు? వ్యవసాయ శాఖలో చేస్తారా?"

"నేను మొత్తుకుంటానే ఉన్నా బాబూ, మనిషి పాలిపోయాడు" అంది హనుమాయమ్మ.

కాయలు ఏరుతున్న సర్దార్‌బీ ఆ మాట వింది. "మా బుల్లయ్యన్నకు తన కాయే పడట్లేదంట" అని ఫోన్లో చెల్లెలికి చెప్పింది. టీ కొట్టుకు చేరేసరికి అది కడుపులో పుండైంది. బస్టాండులో పేగు కోశారు. చీమకుర్తిలో బుల్లయ్య చెల్లెలింటికి చేరేసరికి ఆ పేగులో మిరపమొక్క మొలిచి పూత కూడా పట్టింది.

బేరం ఇంకా తెగకముందే గ్రానైటు మోసే ఖాళీ లారీ ఒకటి కల్లంలోకి దూసుకొచ్చింది. అందులోంచి చుట్టాలు బ్రెడ్డు ప్యాకెట్లతో దూకారు.

"అన్నయ్యా! నువ్వు పండించిన కాయే నిన్ను మింగిందా!" చెల్లెలు అన్నను చూసింది. "కూర్చునే ఉన్నాడమ్మా! పేగు లేకుండా ఎట్టా కూర్చున్నావు అన్నయ్యా!"

వ్యాపారి చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. "ఈ కాయ నాకొద్దండీ. నాకూ పేగులున్నాయి!"

"అయ్యో, ఆగండీ!"

"అయితే ఒక్క కాయ నమిలి చూపించండి. ఇప్పుడే ఎత్తించుకుంటా."

ఆకాశం ఉరిమింది. బుల్లయ్య కాయ తీశాడు. పెదాల దాకా తెచ్చాడు. తిరిగి రాశిలోకి విసిరేశాడు. "తినను! కాయ కుళ్లితే కుళ్లనీ, గురువు మాట కుళ్లనియ్యను!"

సరిగ్గా అప్పుడే అనంతపద్మనాభం గారు ఆటో దిగారు. సంగతంతా విని, "నిన్ను కారం మానమన్నదెవరు నాయనా?" అన్నారు.

"మీరే గురువుగారూ! ఇక్కడే నిలబడి, దగ్గి మరీ చెప్పారు."

"నేను దగ్గలేదు బుల్లయ్యా. అహంకారం మానెయ్ అన్నాను. ఘాటుకు మధ్యలో ఊపిరాడలేదంతే. మాట ఒకటే."



"నెల్లాళ్లు నాచేత రెండు వంటలు చేయించావు కదయ్యా, రాని దగ్గు కోసం!" అంది హనుమాయమ్మ.

బుల్లయ్య గుప్పెడు కాయలు తీసి కరకరా నమిలాడు. అలవాటు తప్పిన నాలుక భగ్గుమంది. చెవుల్లోంచి పొగ వచ్చిందని సర్దార్‌బీ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. ఆ పొగ చూసి వ్యాపారి బేరం ఖాయం చేశాడు. ఏడవడానికి వచ్చిన చుట్టాలు బస్తాలెత్తారు. తొలి చినుకు పడేలోపు సరుకంతా గ్రానైటు లారీకెక్కి, టార్పాలిన్ పట్టా కింద భద్రంగా కూర్చుంది.

బుల్లయ్య గురువుగారి కాళ్ల మీద పడి లేచి, మీసం దువ్వాడు. "ఈ క్షణం నుంచి అహంకారం మానేశా గురువుగారూ! జిల్లా మొత్తం గాలించండి, నాలాగా మానేసినోడు ఒక్కడు దొరికితే చెప్పండి!"

గురువుగారికి ఈసారి నిజంగానే దగ్గొచ్చింది.

ఎరువు బస్తా నెత్తిన పెట్టుకుని దారిన పోతూ ఆగిన ఒక ఆసామి ఇదంతా శ్రద్ధగా విని, దగ్గరకొచ్చి అడిగాడు. "ఆ అహంకారం రకం విత్తనం సత్తెనపల్లిలో దొరుకుద్దా అండీ? బుల్లయ్యకు అంత బాగా పండిందంటే, మా చేలో కూడా వేద్దామని."