మెట్ల మీద మీటింగ్

ఆ రోజు పొద్దున యమున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండు గంటలకు పై అంతస్తులో దిగిన జ్యోత్స్న మేడం ఆన్‌లైన్ మీటింగులో కూర్చుంటుంది. ఆ మీటింగు అయ్యేదాకా గల్లీలో చీమ చిటుక్కుమనకూడదు. అంతే.

యమున ఇల్లు ఆర్మూర్‌లో పెర్కిట్ వైపు ఉంది. భర్త దేవిదాస్ మస్కట్‌లో డ్రైవరుగా చేసిన సంపాదనతో కింద ఇల్లు, పైన రెండు గదులు వేశారు. పై గదులను మొదట శ్రీరాంసాగర్ డ్యాం చూడటానికి వచ్చేవాళ్లకు అద్దెకిచ్చింది యమున. వాళ్లు శనివారం వచ్చి, చేపల పులుసు తిని, ఆ పులుసు పరుపుకు కూడా కాస్త రుచి చూపించి, ఆదివారం సాయంత్రానికి వెళ్లిపోయేవారు. అప్పుడు ఆమె చూపు లాప్‌టాప్ మీద పనిచేసేవాళ్ల మీద పడింది. వాళ్లు ఆఫీసుకు పోనవసరం లేదు. నచ్చిన ఊళ్లో దిగి, వారాల తరబడి అక్కడే ఉండి పనిచేసుకుంటారు. ఆ నచ్చిన ఊరు ఆర్మూర్ ఎందుకు కాకూడదని యమున గట్టిగా అనుకుంది.

అనుకుని ఊరుకునే మనిషి కాదు. వాళ్లకు మెత్తటి పరుపు కంటే నడుం నొప్పి రాని కుర్చీ ముఖ్యమని తెలుసుకుని నిజామాబాద్ వెళ్లింది. ఫర్నిచర్ షాపులో ఒక్కో కుర్చీలో ఎంతసేపు కూర్చుందంటే, షాపు యజమాని ఆమె కుర్చీ కొనడానికి కాక ఉద్యోగానికి వచ్చిందనుకున్నాడు. కెమెరాలో వెనక గోడ కనిపిస్తుందని క్యాలెండర్లు తీయించి, లేత రంగు వేయించింది. గుట్ట కనిపించే కిటికీ దగ్గర బల్ల వేయించింది. ఇన్వర్టర్ పెట్టించింది, స్పీడు నెట్ పెట్టించింది. చివరికి ప్రకటనలో "పని చేసుకునేవారికి ప్రశాంతమైన చోటు" అని రాసింది.

దేవిదాస్‌కు మాత్రం నమ్మకం కుదరలేదు. మస్కట్ కంపెనీ మళ్లీ రమ్మంటోంది. ఏజెంటు రోజూ ఫోన్ చేస్తున్నాడు.

"గా లాప్‌టాపోళ్లకు హైదరాబాద్ల జాగ దొరకదా? మన ఆర్మూర్‌కెందుకొస్తరు?" అన్నాడు.

"వస్తరు. ఒక్కలొచ్చి మంచిగున్నదని రాసి పోతే, వాళ్ల ఎనక పదిమంది వస్తరు."

"సరే. గీ మేడం మంచిగ రాస్తే నేను ఈడనే ఉంట. లేకుంటే ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చేస్త."

యమున ఆ మాట పట్టుకుంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె భర్తతో ఎదురెదురుగా మాట్లాడినదాని కంటే ఫోన్‌లో మాట్లాడిందే ఎక్కువ. ఇక ఆ లెక్క మార్చాలని ఆమె పట్టుదల.

జ్యోత్స్న హైదరాబాద్ అమ్మాయి. ఆఫీసులకు కంప్యూటర్లు కిరాయికిచ్చే కంపెనీలో పని. ఆ పొద్దున ఉప్మా ముందు పెట్టుకుని దిగులుగా కూర్చుంది.

"అక్కా, ఇవాళ ముంబై వాళ్లతో మీటింగ్. రేట్ ఫైనల్ చెయ్యాలి. వాళ్లు గట్టిగా అడిగితే నేను తగ్గించేస్తా, నాకు తెలుసు. పోయినసారి అట్లనే చేసిన. ఈసారి కూడా తగ్గిస్తే నన్ను ఈ పనిలోంచి తీసేస్తానన్నారు మా బాస్."

"నువ్వు ఫికర్ చేయకు మేడం. ప్రశాంతంగ కూసో. మిగతాది నేను చూస్కుంట," అంది యమున.

అదే క్షణంలో ఎదురింటి షెడ్డులో పోచన్న డ్రమ్ము మొదలైంది. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములను ఇనుప డ్రమ్ములో వేసి గిరగిరా తిప్పితే వాటికి మెరుపు వస్తుంది. మెరుపుతో పాటు, కంకర లారీ బోల్తా పడినట్టు చప్పుడు కూడా వస్తుంది. యమున కొంగు దోపుకుని గల్లీ దాటింది.

"పోచన్నా, మధ్యాహ్నం దాంక జర డ్రమ్ము బంద్ పెట్టరాదే!"

"ఎందుకు చెల్లె? మాల్ రేపటికి తయారు కావాలె."

"మా ఇంట్ల మేడం దిగింది కదా, పదకొండింటికి ముంబై పెద్దసార్లతోని మీటింగున్నది. రేట్ ఫైనల్ చేస్తరట."

పోచన్న చెయ్యి స్విచ్చు మీదికి దానంతటదే పోయింది. "రేటా?"

"అవునన్నా. సప్పుడు అస్సల్ కావద్దు."

ఆర్మూర్‌లో ఉల్లిగడ్డకు ధర ఉంటుంది, బంగారానికి విలువ ఉంటుంది. రేటు మాత్రం ఒక్క పసుపుకే ఉంటుంది. పోచన్న డ్రమ్ము ఆపేశాడు. ఎంత మంచి మనిషి అనుకుంటూ యమున ఇంటికి వచ్చింది. ఆమె గడప దాటకముందే పోచన్న మెండోర రైతు ఎంకటికి, కమ్మర్‌పల్లి రైతు గంగాప్రసాద్‌కు ఫోన్ చేశాడు. "ముంబై కంపెనీ మేడం దేవిదాస్ ఇంట్ల దిగింది. ఇయ్యాల్నే రేట్ ఫైనల్ చేస్తదట. సాంపుల్ పట్టుకోని జల్ది రాండ్రి. కానీ సప్పుడు చేసేది లేదు, యమున గట్టిగ చెప్పింది."

పదకొండు గంటలకు జ్యోత్స్న తలుపు వేసుకుని మీటింగులో కూర్చుంది. కాసేపటికి ఆమెకు కాఫీ ఇద్దామని యమున వంటింట్లోంచి బయటికి వచ్చి, కప్పుతో అలాగే నిలబడిపోయింది. గేటు దగ్గర చెప్పులు బారులు తీరి ఉన్నాయి. పైకి పోయే మెట్ల మీద, ఒక్కో మెట్టుకు ఇద్దరు ముగ్గురు చొప్పున రైతులు కూర్చుని ఉన్నారు. ప్రతి ఒక్కరి ఒళ్లో ఒక మూట, ఆ మూటలో పసుపు. ఒక్కరి నోట మాట లేదు.

"ఏందన్నా ఇది?" అంది యమున, గుసగుసగా.

పోచన్న పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. "సప్పుడు చేయకు చెల్లె. మీటింగ్ నడుస్తున్నది."

యమునకు అప్పుడు అర్థమైంది. "అయ్యో, గా మీటింగ్ పసుపుది కాదన్నా!" అంది, అదే గొంతుతో.

పోచన్నకు సరిగ్గా వినపడలేదు. పక్కనున్న ఎంకటికి "పసుపొక్కటే కాదట" అని చెప్పాడు. ఎంకటి కింది మెట్టు మీది గంగాప్రసాద్ చెవిలో "పసుపొక్కటే కాదట, వేరేవి గూడ చూస్తరట" అన్నాడు. గేటు దగ్గరికి చేరేసరికి అది "మక్కలు గూడ కొంటరట" అయింది. చివరన ఉన్న ఇద్దరు లేచి చెప్పులు చేతబట్టుకుని మొక్కజొన్నల కోసం ఇళ్లకు పరిగెత్తారు.

యమున లోపలికి పోయి దేవిదాస్‌ను లాక్కొచ్చింది.

"నువ్వన్న జర గట్టిగ చెప్పు వీళ్లకు."

"గట్టిగ చెప్తే పైన మేడంకు వినవడ్తది."

"అయితే మెల్లగ చెప్పు."

"మెల్లగ చెప్తే వీళ్లకు వినవడ్తలేదు గదా!"

భార్యాభర్తలిద్దరూ సైగలతో ప్రయత్నించారు. దేవిదాస్ రెండు చేతులూ అడ్డంగా ఊపితే, ఇంకాస్త జరిగి కూర్చోమంటున్నాడనుకుని రైతులు జరిగి కూర్చున్నారు. ఖాళీ అయిన చోట మరో నలుగురు వచ్చి సర్దుకున్నారు.

ఇంతలో మూల మీది పిండి గిర్నీ మొదలైంది. కిర్రుమనే ఆ మోతకు యమున ముఖం పాలిపోయింది. ఎంకటి అది చూశాడు. సాయం చేసే గుణం ఉన్నవాడు. "ఫికర్ చేయకు అక్కా" అని గొణిగి, గిర్నీ దగ్గరికి పోయి బతిమాలాడు. గిర్నీ యజమాని వినలేదు. ఊళ్లో తన బోరుమోటారుకు తానే ఫ్యూజులు పీకి వేసుకునే ఎంకటికి ఇంకో దారి తెలుసు. గల్లీ మొదట్లో ఉన్న కరెంటు పెట్టె దగ్గరికి పోయి, మొత్తం గల్లీ ఫ్యూజు పీకేశాడు.

గిర్నీ ఆగింది. ఫ్యాన్లు ఆగాయి. గల్లీ అంతా నిశ్శబ్దమైపోయింది. యమున రెండు చేతులూ జోడించి ఆకాశం వైపు చూసింది.

పైన తలుపు ధడాలున తెరుచుకుంది. "అక్కా! నెట్ పోయింది!"

ఇన్వర్టర్ గదిలో ఉంది గాని, నెట్ వచ్చే డబ్బా గల్లీ స్తంభానికి ఉంది. దానికి కరెంటు గల్లీదే. జ్యోత్స్న లాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీదికి పరిగెత్తుకొచ్చి, ఠక్కున ఆగింది. ముప్పై నలభై మంది ఒక్కసారిగా తలలెత్తి, మాట్లాడకుండా, ఆమెకు పసుపు కొమ్ములు చూపించారు.

"ఎవరు అక్కా వీళ్లంతా?"

"తర్వాత చెప్తా మేడం, ముందు నెట్ చూద్దాం. నీ ఫోన్ల సిగ్నల్ ఉన్నదా?"

ఆమె ఫోన్‌లో సిగ్నల్ లేదు. రైతులు తమ ఫోన్లు పైకెత్తి చూసుకున్నారు. ఒకరికి ఒక గీత, ఇంకొకరికి రెండు. సరిగ్గా అప్పుడే బుల్లెట్ బండి మీద తుకారాం వచ్చి దిగాడు. తుకారాం అడ్తిదారు. ఊళ్ల మీద పసుపు కొని నిజామాబాద్ మార్కెట్‌కు పంపుతాడు. తనను దాటి ఎవరో కంపెనీ నేరుగా కొంటోందని విని, ముఖం కందగడ్డలా చేసుకుని వచ్చాడు. అతని ఖరీదైన ఫోన్‌లో గీతలు నిండుగా ఉన్నాయి.

"సేటూ, జర నీ ఫోన్ నెట్ ఇయ్యరాదా?" అన్నాడు పోచన్న.

"నా కడుపు మీద కొట్టనీకొచ్చిన కంపెనీకి నా నెట్టే ఇయ్యాల్నా?"

"ఇయ్యకుంటే ఏం రేట్ అయితదో నీకెట్ల తెలుస్తది?" అంది యమున. ఇప్పుడిక నిజం చెప్పే సమయం లేదు. ఆమెకు మీటింగు జరగాలి.

తుకారాం ఆలోచించాడు. ఫోన్ ఇచ్చాడు, కానీ వదల్లేదు. దాన్ని పట్టుకుని జ్యోత్స్న పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. సిగ్నల్ అక్కడే బాగుంది. నడుం నొప్పి రాని కుర్చీ పైన ఖాళీగా ఉండిపోయింది. జ్యోత్స్న ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుంది. ఆమె వెనక మెట్ల మీద రైతులు, బడిలో గ్రూపు ఫొటోకు కూర్చున్నట్టు, వరసలు వరసలుగా తెర మీద కనిపించారు.

ముంబైలోని ఇద్దరు పెద్దమనుషులు తెర దగ్గరికి వంగి చూశారు. తర్వాత ఇంగ్లీషులో బేరం మొదలుపెట్టారు. రైతులకు ఆ ఇంగ్లీషు రాకపోయినా, రేట్, లెస్, రెడ్యూస్ అనే మాటలు ఏ భాషలో వచ్చినా అర్థమవుతాయి. పెద్దాయన గొంతు పెంచాడు. జ్యోత్స్న "ఓకే" అనడానికి నోరు తెరిచింది.

పోచన్న పొద్దుటి నుంచి ఆపుకున్నది ఇక ఆగలేదు. "తగ్గకు మేడం!"

"అస్సల్ తగ్గద్దు!" అన్నాడు అప్పుడే తిరిగొచ్చిన ఎంకటి.

తుకారాం కూడా బేరం వేడిలో తానెవరో మరిచిపోయి, జ్యోత్స్న వైపు వంగాడు. "ఊకో మేడం, ఏమనకు. మాల్ అక్కర లేనోడు గింతసేపు బేరమాడడు. జర సేపు మాట్లాడకుంటే వాళ్లే దిగొస్తరు. నేను ఎప్పుడన్న గిట్ల అడిగినప్పుడు వీళ్లు గూడ మాట్లాడకుండ కూసుంటే, నేను గూడ..."

అక్కడ ఆగిపోయాడు. మెట్ల మీది తలలన్నీ అతని వైపు తిరిగాయి.

వెనకున్నవాళ్లు ఎవరని ముంబై పెద్దాయన అడిగాడు. జ్యోత్స్న ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. "నా టీం," అంది ఇంగ్లీషులో. తర్వాత చేతులు కట్టుకుని ఊరుకుంది. ఆమెతో పాటు మెట్లన్నీ ఊరుకున్నాయి. ఊరుకోవడంలో వాళ్లకు పొద్దుటి నుంచి మంచి సాధన అయింది. నలభై జతల కళ్లు రెప్ప వాల్చకుండా ముంబైని చూశాయి.

ముంబై దగ్గింది, నీళ్లు తాగింది, ఒప్పుకుంది.

చప్పట్ల మధ్యే జ్యోత్స్న అందరికీ దండం పెట్టి, ఆ రేటు కంప్యూటర్ల కిరాయి రేటని చెప్పింది. చప్పట్లు ఆగిపోయాయి.

"అంటే పొద్దటి సంది మేం కంప్యూటర్ల కోసం కూసున్నమా?" అన్నాడు పోచన్న.

దేవిదాస్ గొడవ జరుగుతుందని యమునకు అడ్డంగా నిలబడ్డాడు. కానీ గంగాప్రసాద్ మెల్లగా తుకారాం వైపు తిరిగాడు. "సాంపుల్ ఎట్లాగు తెచ్చినం. సేటు గూడ ఇక్కడనే ఉన్నడు. మన రేట్ ఎంత సేటూ?"

తుకారాం ఒక రేటు చెప్పాడు. ఎవరూ మాట్లాడలేదు. బండి తాళం వెతుక్కున్నాడు, మెడ తుడుచుకున్నాడు, ఫోన్ చూసుకున్నాడు. ఎవరూ మాట్లాడలేదు. మక్కల బస్తాలతో తిరిగొచ్చిన ఇద్దరు సంగతి తెలియకపోయినా మాట్లాడకుండా వచ్చి కూర్చున్నారు. చివరికి తుకారాం ఆ సీజన్‌లో ఎన్నడూ అనని రేటు తనంతట తానే అని, బండెక్కి వెళ్లిపోయాడు.

జ్యోత్స్న ఖాళీ చేసి వెళ్లిన రోజు ఆమె రాసింది ఫోన్‌లో వచ్చింది. యమున ఫోన్ అందిస్తే దేవిదాస్ చదివాడు. "ప్రశాంతత అస్సలు లేదు. కుర్చీ చాలా మంచిది, కానీ ముఖ్యమైన మీటింగుకు అందులో కూర్చోవడం కుదరలేదు. నా ఉద్యోగం ఈ ఇంటి మెట్ల మీద నిలబడింది. మళ్లీ వస్తాను."

"ఇది మంచిగ రాసినట్టా, చెడ్డగ రాసినట్టా?" అంది యమున.

దేవిదాస్ మళ్లీ ఒకసారి చదివాడు. "మస్కట్ల ఎన్నేండ్లున్నా, మళ్లొస్త అని మనసుల నుంచి నేను ఒక్కసారి గూడ అనలే. ఆ మాట రాసిందంటే మంచిగనే రాసింది," అన్నాడు. ఆ సాయంత్రం ఏజెంటు ఫోన్ చేస్తే, ఇంట్లో పని మస్తుగుంది, రావడం కుదరదని చెప్పి పెట్టేశాడు. యమున వంటింట్లోకి పోయి, కారణం లేకుండా రెండోసారి టీ పెట్టింది.

తర్వాతి వారం, జ్యోత్స్న మీటింగు కథ విని, పుణె నుంచి ఒకాయన గది అడిగాడు. నెట్ సంగతి అడగలేదు, కుర్చీ సంగతి అడగలేదు. మంగళవారం తనకు పెద్ద బేరం ఉందని, వెనకాల కూర్చోవడానికి పదిమంది దొరుకుతారా అని మాత్రం అడిగాడు. యమున వెంటనే కొంగు దోపుకుని గల్లీ దాటింది.

పోచన్న డ్రమ్ము ఆపి, పసుపు చేతులు తువ్వాలకు తుడుచుకుని, కాసేపు ఆలోచించాడు.

"మంగళవారం కుదరదు చెల్లె, బెంగళూరోళ్ల మీటింగుకు మాటిచ్చినం."