గుమ్మం బయట పన్నెండు చదరపు అడుగులు

మనిషికి భూమ్మీద ఎంత చోటు కావాలన్న ప్రశ్న వేదాంతుల చేతుల్లోంచి జారి, దాన్ని నిజంగా తేల్చగలవాళ్ళ చేతికి చిక్కింది. మితగృహ ధ్రువీకరణ మండలి వారు కూడికలూ తీసివేతలూ చేసి, తలకు నూట ముప్పై తొమ్మిది చదరపు అడుగులని ప్రకటించారు. (మొదట నూట నలభై అనుకున్నారట. అది విలాసమని ఒక సభ్యుడు సభలోంచి లేచిపోయాడు.)

టైలరమ్మ ఇందుకేమీ నొచ్చుకోలేదు. నలభై ఏళ్ళుగా ఒక చొక్కా గుడ్డలో చొక్కా తీసి, నాలుగు జేబురుమాళ్ళు మిగిల్చిన చెయ్యి ఆవిడది. అద్దె ఇల్లు వదిలేసి, ఎండతో వెలిగే దీపాలూ వాన నీళ్ళతో నిండే తొట్టీ గోడలోకి ముడుచుకునే మంచమూ ఉన్న బుల్లి ఇల్లు కట్టుకోవాలని ఆవిడే ముచ్చటపడింది. మండలి ముద్ర పడితేనే నీళ్ళ కనెక్షను. ముద్ర పడాలంటే ఇంట్లో ప్రతి చదరపు అడుగూ కనీసం రెండు పనులు చెయ్యాలి.

ఇల్లు గీసిన ఆర్కిటెక్ట్ అమ్మాయి చేతిలో ఏదీ ఖాళీగా కూర్చోలేదు. భోజనాల బల్ల తిరగేస్తే గుడ్డ కత్తిరించే బల్ల. మెట్లు లాగితే బట్టల సొరుగులు. కిటికీ సైతం గాలినిచ్చి ఊరుకోకుండా ఆకుకూరలు పెంచే బాధ్యత నెత్తినేసుకుంది. చిక్కల్లా గుమ్మం బయట టైలరమ్మ అడిగిన అరుగు దగ్గర వచ్చింది. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు.

"దీని మీద ఏం చేస్తారు ఆంటీ?"

"వెళ్ళేవాళ్ళు వెళ్తామంటూ నిలబడతారమ్మా."

"నిలబడి?"

"వెళ్ళరు."

ఆ అమ్మాయి మండలి వారి ఉపయోగాల పట్టిక తెరిచి పైనుంచి కిందిదాకా వేలితో వెతికింది. "నూట నలభై ఎనిమిది ఉన్నాయి ఆంటీ. గొడుగు ఆరబెట్టడం ఉంది. పిల్లి పడుకోవడం కూడా ఉంది. వీడ్కోలు లేదు."

"అయితే పిల్లి అని రాసెయ్యి."

"పిల్లిని చూపించమంటారు."

టైలరమ్మకు ఉన్నది పిల్లి కాదు, చెల్లెలు. ఊరూరా తిరిగి వంతెనలు పరీక్షించే ఉద్యోగం. రెండు నెలలకొకసారి వచ్చి ఒక్క పూట ఉంటుంది. లోపల కూర్చున్నంతసేపూ వంతెనల కబుర్లే. అసలు మాట ఏదైనా సరే, ఒక కాలు చెప్పులో పెట్టాకే నోటికొస్తుంది. మొగుడితో విడిపోయిన సంగతి అలాగే చెప్పింది. ఆపరేషన్ సంగతి రెండో చెప్పు కోసం వంగుతూ చెప్పింది. ఈ మధ్య బాగా చిక్కిపోయింది. ఏమైందే అని లోపల అడిగితే, "ఎండల్లో తిరుగుడు కదక్కా" అంది. గుమ్మం దగ్గర చోటు లేకపోతే అసలు జవాబు చెల్లెలితోపాటు బస్సెక్కి పోతుందని టైలరమ్మ దిగులు.

మండలి దయలేనిది కాదు. మినహాయింపు కోరేవారికి అనుబంధం తొమ్మిది ఉంది. వారానికి వీడ్కోళ్ళు ఎన్ని? సగటు నిడివి ఎంత? (నలభై సెకన్లు దాటితే కారణం జతపరచాలి.) వంటగదిలో గిన్నెలు తోముతూ వీడ్కోలు ముగించే అవకాశాన్ని దరఖాస్తుదారు పరిశీలించారా? చివరి గడిలో వీడ్కోలు రకం: తాత్కాలికం, శాశ్వతం. ఒకదానికే టిక్కు పెట్టాలి.

టైలరమ్మ పెన్ను ఒక మాట మీంచి రెండో మాట మీదికి జరిపి, పైకెత్తేసింది. "ఏది ఏదో ఆ పూట తెలియదు కదమ్మా."

"ఊహించి పెట్టండి ఆంటీ. తర్వాత మారితే సవరణ ఫారం ఉంది."

ఆవిడ ఆ గడిని ఖాళీగా వదిలేసింది. ఖాళీ గడిని మండలి సహించదు గనుక, అరుగు కట్టాక ఒక నమూనా వీడ్కోలును కళ్ళారా చూసి రమ్మని తనిఖీ అధికారిని పంపింది. చెల్లెలు వచ్చిన రోజే ఆయనా వచ్చాడు. చేతిలో టేపు, మెడలో స్టాప్‌వాచ్.

"ఊఁ, మొదలుపెట్టండి," అన్నాడు.

చెల్లెలు సంచి భుజాన వేసుకుని అరుగు మీదికొచ్చి, వాచీ వైపు ఒకసారి చూసింది. "వెళ్ళొస్తానక్కా."

"మంచిదే."

"ఏడు సెకన్లు," అన్నాడాయన మెచ్చుకోలుగా. "మరి ఇంత చోటెందుకమ్మా మీకు?"

కాగితాలు సర్దుకున్నాడు. అక్కాచెల్లెళ్ళు గుమ్మం లోపలికి జరిగి, ఆయన వెళ్ళడం కోసం ఆగారు. చెల్లెలు ఒక చెప్పు వేసుకునే ఉంది. ఆయన అరుగు మీద కూర్చుని ఒక బూటు తొడుక్కున్నాడు. రెండోది చేతిలోనే ఉండిపోయింది.

"మా అమ్మాయి సోమవారం హాస్టలుకి వెళ్తోందండీ. పెట్టె కూడా సర్దేసుకుంది. నాతో ఒక్క ముక్క మాట్లాడదు."

"అలిగిందేమో."

"అలిగింది. మాకూ తలకు నూట ముప్పై తొమ్మిదే కదమ్మా, అలగడానికి చోటు లేక పాపం స్నానాలగదిలో అలుగుతోంది. తలుపు బయట నుంచుని బతిమాలదామంటే, అక్కడ నుంచుంటే ఫ్రిజ్ తలుపు తెరుచుకోదు."

"తన దిండు తనతో పంపండి. కొత్త చోట నిద్ర పట్టదు," అంది టైలరమ్మ. పోనీలే పాపం అని ఒక మనసు, ఈయన లేస్తే బాగుండునని ఒక మనసు.

ఆయన లేవలేదు. కూతురి మొదటి స్కూలు రోజు దాకా వెనక్కి వెళ్ళి, అక్కణ్ణించి నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. వీధి చివర బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది. చెల్లెలు రెండో చెప్పు వేసుకుని, ఆయన మోకాళ్ళ పక్కనుంచి ఒదిగి కిందికి దిగింది.

"నీకేదో చెప్పాలక్కా… సరే, ఫోన్ చేస్తాలే," అంటూ పరిగెత్తింది.

నివేదిక వారంలో వచ్చింది. అరుగును పదిహేను రోజుల్లో తొలగించి ఫోటో పంపాలి. కారణాల కింద అధికారి ముచ్చటైన దస్తూరీతో ఇలా రాశాడు: "సదరు స్థలాన్ని ముప్పై ఎనిమిది నిమిషాలపాటు దగ్గరుండి పరిశీలించాను. ఆ సమయంలో ఇంటివారెవరూ దాన్ని వాడుకోలేదు."