అణకువగా పెట్టిన టిక్కు

శనివారం పొద్దున ఫ్రిజ్ మెకానిక్ వేసుకున్న ప్లాను చిన్నదే. ఫ్రెంచి నేర్పే సంస్థకు వెళ్లి చేరాలి, దారిలో రొట్టె, గుడ్లు కొనాలి, పదింటికల్లా ఇంట్లో పడాలి.

వలస దరఖాస్తులో ఆ ఇంటికి కాసిని పాయింట్లు తక్కువపడ్డాయి. నర్సుగా చేస్తున్న భార్య కాగితాలన్నీ సిద్ధం, లోటల్లా ఆ పాయింట్లే. ఇద్దరిలో ఒకరు ఫ్రెంచిలో B2 గ్రేడు తెచ్చుకుంటే గండం గట్టెక్కుతుంది. అదీ వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటిలోనూ రావాలి. ఆవిడకు డ్యూటీల మధ్య నిద్రకే టైము చాలదు కాబట్టి భారం మొగుడి నెత్తిన పడింది. పదకొండు నెలల్లో అతనికి నలభై నిండుతాయి. ఆ తర్వాత వయసుకిచ్చే పాయింట్లు కూడా తగ్గిపోతాయి.

గుమ్మం దగ్గర మామగారు ఆపారు. ముప్ఫై ఏళ్లు బడిలో ప్రోగ్రెస్ కార్డులు నింపి రిటైరైన మనిషి, సలహా ఇవ్వకుండా ఎవరినీ గడప దాటనివ్వరు.

"ఫారంలో గొప్పలు రాయకు అల్లుడూ. తక్కువ చేసి చెప్పుకుంటే వాళ్లే గౌరవిస్తారు."

సంస్థలో ఇచ్చిన ఫారంలో 'ప్రస్తుత స్థాయి' అని ఆరు గడులున్నాయి, A1 నుంచి C2 దాకా. మెకానిక్‌కు కూతురి ప్రోగ్రెస్ కార్డు గుర్తొచ్చింది. లెక్కల్లో A1 వచ్చినప్పుడు మామగారు వీధంతా చాటారు. డ్రాయింగ్‌లో C2 వచ్చినప్పుడు కార్డును బీరువాలో చీరల కింద దాచారు. మెకానిక్ ఫ్రెంచి సంపద ఒక నమస్కారం, ఇరవై దాకా అంకెలు, ఫోన్లో నేర్చుకున్న "రెపెతే, సిల్ వూ ప్లే" అనే మాట. అంటే, దయచేసి మళ్లీ చెప్పండి అని. నిజాయితీగా ఆలోచించి, అణకువగా C2 దగ్గర టిక్కు పెట్టాడు.

ఫారం చూసిన రిసెప్షన్ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. లోపలినుంచి ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చి ఫ్రెంచిలో ఏదో పొడుగ్గా చెప్పారు. మొహమాటం కొద్దీ తలూపాడు. మరోటి చెప్పారు. మళ్లీ ఊపాడు. మూడోసారి ఊపేసరికి ఒక గదిలో, జ్వరమొచ్చి ఆ రోజు రాని పరీక్షకుడి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నమూనా పరీక్షకు వచ్చిన మొదటి అభ్యర్థి, ఒక పళ్ల డాక్టరమ్మ, నిలబడి ఉంది.

ఆవిడ గడగడా మాట్లాడింది. ముక్క అర్థం కాలేదు. "రెపెతే, సిల్ వూ ప్లే" అన్నాడు. ఆవిడ చెమట తుడుచుకుని మళ్లీ చెప్పింది. అలా పద్నాలుగు మందీ చెప్పిందే చెప్పారు. చివర్లో గ్రేడు వేయమని కాగితమిచ్చారు. తనలాంటివాడి చేతికి ఈ పని ఎందుకొచ్చిందో తెలియలేదు గానీ, ఒకరి పొట్ట కొట్టే మనిషి కాదు. పద్నాలుగు మందికీ A1 వేసి, గుడ్లు కొనుక్కుని ఇంటికెళ్లాడు.

"మంచి పని చేశావు," అన్నారు మామగారు.

సోమవారం ప్రిన్సిపాల్ ఫోను చేశారు. బ్యాచంతా కన్నీళ్లు పెట్టుకుందట. ఇంత నిక్కచ్చిగా దిద్దేవాళ్లు ఈ రోజుల్లో దొరకరని, ప్రతి శనివారం రావాలని బతిమాలారు. మెకానిక్‌కు ఏమీ బోధపడలేదు. అన్నం తింటున్న భార్య ఎడమచేత్తో, ఫారంతో పాటు సంస్థవాళ్లిచ్చిన చిన్న పుస్తకం తిప్పింది. A1 అంటే ఇప్పుడే పలకరించడం నేర్చినవాడు. C2 అంటే ఆ భాషలో పుట్టి పెరిగినవాడికి తీసిపోనివాడు.

"ఏవండీ, మీరు ఏ గడిలో టిక్కు పెట్టారు?"

అతను సిగ్గుపడుతూ పుస్తకంలో C2 మీద వేలు పెట్టాడు. మర్నాడే వెళ్లి నిజం చెప్పాడు. ప్రిన్సిపాల్ అది వినయమనుకుని నవ్వారు. దాంతో తనకొచ్చిన ఫ్రెంచి మొత్తం అప్పజెప్పాడు. అంకెలు ఇరవై దగ్గర ఆగిపోయేసరికి ఆవిడ నవ్వూ ఆగిపోయింది. బయటికి పొక్కితే సంస్థ పరువు పోతుందని, చప్పుడు చేయకుండా మొదటి క్లాసులో కూర్చోబెట్టారు.

పదిహేనో రోజున డాక్టరమ్మ కంట పడనే పడ్డాడు. పద్నాలుగు మందికీ తెలిసిపోయింది. తిడతారనుకున్నాడు. వాళ్లు తిట్టలేదు, వంతులు వేసుకున్నారు. రోజుకొకరు వచ్చి ఎదురుగా కూర్చునేవారు. అతను నోరు విప్పి ఏ వాక్యం చెప్పినా ప్రశాంతంగా "రెపెతే, సిల్ వూ ప్లే" అనేవారు. పది నెలలు ఒక్కరూ జాలిపడలేదు. ఫ్రీజర్లో తలపెట్టి మరమ్మతు చేస్తూ కూడా అతను క్రియలు వల్లించేవాడు.

అసలు పరీక్ష ఫలితం పుట్టినరోజుకు ఆరు రోజుల ముందు వచ్చింది. నాలుగింటిలోనూ B2. భార్య కాగితాన్ని గుండెలకు హత్తుకుని భోరున ఏడ్చేసింది. అతనికీ కళ్లు తడిశాయి.

ఆ ఏడుపులు చూసి మామగారు కాగితం అందుకుని, కళ్లజోడు సర్దుకుని చదివి, అల్లుడి భుజం తట్టారు.

"బాధపడకు అల్లుడూ. ఇంకాస్త కష్టపడితే A1 ఎక్కడికీ పోదు."