గొడుగుల కార్ఖానాలో చివరి మనిషి

గొడుగుల కార్ఖానాలో పనిచేసే ప్రతి ఒక్కరికీ వంతులవారీగా ఒక రోజు జీతంతో కూడిన సెలవు మంజూరు చేయబడునని నోటీసు బోర్డు మీద ప్రకటన వెలువడింది. యజమాని సంగతి తెలిసినవాళ్ళు దాన్ని రెండుసార్లు చదివారు. కింద సంతకం యజమానిది కాదు, పెద్ద చదువులు చదివొచ్చి మేనేజరు కుర్చీలో కూర్చున్న ఆయన అల్లుడిది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. అల్లుడుగారు బిచ్చగాడు కాడు గనుక ఆ సామెత ఇక్కడ వాడడం మర్యాద కాదు.

ఈ సెలవు వెనకున్న మహాశాస్త్రాన్ని అల్లుడుగారు మేస్త్రీని గదిలోకి పిలిచి విశదీకరించారు. శ్రమ, ఉపాంత ఉత్పత్తి, పరిశీలన, నిర్ధారణ అనే మాటలు చాలాసేపు దొర్లాయి. మేస్త్రీ ప్రతి మాటకీ తల ఊపాడు. పెద్దవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు అర్థం కాలేదని చెప్పడం అవిధేయత అని అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే అతను మేస్త్రీ అయ్యాడు.

మొదటి సెలవు అతని వదినకు వచ్చింది. వదినంటే భార్యకు సొంత అక్క. గొడుగు కర్రకు జిగురు రాసి పిడి బిగించడం ఆమె పని. భర్త మంచాన పడ్డప్పటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె జీతంతోనే. ఆమె లేని రోజున సరుకు తగ్గితే మాట ఆమెకే వస్తుందని మేస్త్రీ బెంగపడ్డాడు. తనే వెళ్ళి ఆమె స్టూలు మీద కూర్చున్నాడు. అటు గుడ్డ కత్తిరించేవాడు, ఇటు ఊచలు కట్టేవాడు తమ పని ముగించుకుని వచ్చి తలో చెయ్యి వేశారు. సాయంత్రానికి మేస్త్రీ మోచేతుల దాకా జిగురే గాని, గొడుగుల్లో మాత్రం ఒక్కటీ తగ్గలేదు.

"మా వదిన రాలేదన్న సంగతే తెలియలేదండి" అని అతను అల్లుడుగారికి గర్వంగా విన్నవించుకున్నాడు.

శాస్త్రానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి? ఒక మనిషి రాని రోజున ఎంత సరుకు తగ్గుతుందో, అదే ఆ మనిషి విలువ. ఏమీ తగ్గలేదంటే ఆ మనిషికి విలువ లేదు. మర్నాడు వదినను సగౌరవంగా పనిలోంచి తీసేశారు.

"నా చోట ఎవరు కూర్చున్నారు మరిదిగారూ?" అని ఆమె గేటు దగ్గర అడిగింది.

"నేనే వదినా. మీకు మాట రాకూడదని."

"రానివ్వాల్సింది" అని ఆమె వెళ్ళిపోయింది.

మేస్త్రీకి ఆ రాత్రి అన్నం సయించలేదు. సాయం చేసి ఒక సంసారం కూల్చినవాడు అతనొక్కడే కాకపోవచ్చు. అయినా ఎవరి ఏడుపు వారిదే కదా.

కార్ఖానా జనం మాత్రం పాఠం నేర్చుకున్నారు. మన మనిషి బతకాలంటే, అతను లేని రోజున మనం చెయ్యి కదపకూడదు. ఊచలవాడికి సెలవిచ్చిన రోజున అతని ప్రాణస్నేహితుడు పొద్దస్తమానం గోడకు ఆనుకుని కునుకు తీశాడు. అల్లుడుగారు అటుగా వచ్చినప్పుడు "వాడు లేకపోతే చేతులు ఆడటం లేదండి" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరి మీద ఎంత ప్రేమ ఉంటే అంత పని ఆగింది. కుట్టుమిషను మీద పనిచేసే పెద్దావిడంటే అందరికీ ప్రాణం. ఆమె సెలవు రోజున కార్ఖానా నుంచి ఒక్క గొడుగూ బయటికి రాలేదు.

అల్లుడుగారు లెక్కలు కట్టి ఆనందంతో తబ్బిబ్బయ్యారు. జనం విలువలన్నీ కలిపితే కార్ఖానా చేసే సరుకుకు ఎన్నో రెట్లు తేలింది. "మరి ఆ గొడుగులన్నీ ఎక్కడయ్యా?" అని మామగారు అడిగారు. పాతకాలపు మనిషి, చదువులేని ప్రశ్నలు వేస్తుంటాడు. "తర్వాతి మనిషి తెచ్చేది అతని జీతం కంటే ఎక్కువైనంత కాలం మనుషుల్ని చేర్చుకుంటూ పోవాలి మామయ్యగారూ. అది శాస్త్రం" అని అల్లుడుగారు ఓపిగ్గా సెలవిచ్చారు.

గేటుకు 'మనుషులు కావలెను' అని బోర్డు కట్టారు. వీధి చివరి దాకా జనం వచ్చారు. మేస్త్రీ ఈ అదను కోసమే కాచుకుని ఉన్నాడు. అల్లుడుగారి కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని, అందరి తర్వాత వదినను చేర్పించాడు. ఆ రోజు అతనికి ఆకలేసింది.

మనుషులు పెరిగారు. స్టూళ్ళు పెరగలేదు, సుత్తులు పెరగలేదు, జిగురు డబ్బా ఒక్కటే. ఒకరు జిగురు రాస్తుంటే ఇద్దరు ఊదేవారు. చివర చేరిన వదినకు నిలబడడానికి గోడ పక్కన చోటు దొరికింది. ముందువాళ్ళు మంచినీళ్ళకు లేచినప్పుడు ఆమె పిడి బిగించేది. వాళ్ళకు దాహం తక్కువ.

అల్లుడుగారు అందరినీ సమావేశపరిచి ఉపన్యసించారు. "శాస్త్రం దృష్టిలో మనుషులంతా సమానమే. ఎవరిని తీసి ఎవరి చోట పెట్టినా ఒకటే." సమానమన్న మాట వినగానే చప్పట్లు మారుమోగాయి. ఆయన చప్పట్లు ఆగేదాకా ఆగారు. "కనుక చివర చేరిన మనిషి పని విలువ ఎంతో, ఇకమీదట అందరి జీతమూ అంతే."

చప్పట్లు కొట్టిన చేతులు అక్కడే ఆగిపోయాయి. అయినా అల్లుడుగారిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆయన కారు దిగితే ఎప్పటిలాగే నమస్కారాలు పెట్టారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం మనకు వెన్నతో పెట్టిన విద్య. అందరి కళ్ళూ గోడ పక్కన నిలబడ్డ వదిన మీద పడ్డాయి. "ఆవిడ రాకముందు మనం సుఖంగానే ఉన్నాం" అన్నాడు గుడ్డ కత్తిరించేవాడు. అతను చేరకముందు నుంచీ ఆమె అక్కడ పిడులు బిగిస్తోంది. ఆ సంగతి అతనికీ తెలుసు.

మేస్త్రీ ఇంట్లో పాలు మానేశారు. భార్య మొదట బావగారి మీద జాలిపడింది, తర్వాత పిల్లల మీద పడింది. చివరికి మేస్త్రీయే బయల్దేరాడు.

"వదినా, మీరేమీ అనుకోనంటే ఒక మాట."

"అనుకోను. చెప్పండి."

"మీరు తప్పుకుంటే అందరి జీతాలూ మళ్ళీ పైకొస్తాయంటున్నారు."

"మీరూ అంటున్నారా?"

మేస్త్రీ తల దించుకున్నాడు. సిగ్గుపడ్డాడు కూడా, అది అతని గొప్పతనం. ఆమె చేతులకున్న జిగురు గోళ్ళతో గీసుకుని, టిఫిను డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

జీతాలు పైకి రాలేదు. వరుస అన్నాక చివర ఎవరో ఒకరు ఉండితీరాలని అల్లుడుగారు విశదీకరించారు. కార్ఖానా మొత్తం ఒక్కసారిగా తల తిప్పి, వదినకు ముందు చేరి ఇప్పుడు గోడ పక్కన చివర మిగిలినవాణ్ణి చూసింది. మేస్త్రీ అందరికంటే గట్టిగా చూశాడు.

ఇదంతా మీకు నవ్వులాటగా ఉండవచ్చు. నవ్వండి, తప్పులేదు. కాకపోతే మీ వెనక ఇంకెవరైనా నిలబడి ఉన్నారో లేదో ఒకసారి తిరిగి చూసుకుని మరీ నవ్వండి.