జెరేనియంలకో గాజుగది

"ఈ చలికాలం ఆ రేకుల షెడ్డు నిన్ను బతకనివ్వదు హోరేస్," అంది డల్సీ పికర్స్‌గిల్.

అప్పటికింకా సెప్టెంబరే. బయట ఎండ కాస్తోంది. హోరేస్ టోస్టుకి వెన్న రాసుకుంటున్నాడు.

డల్సీ భయాలన్నీ ఇలాగే మనిషికంటే ముందొచ్చి కూర్చుంటాయి. లీడ్స్‌లో కాపురముంటున్న కూతురు ఫోనెత్తకపోతే ఏ బస్సు కింద పడిందో అనుకుంటుంది. వెంటనే ఎత్తితే ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుందేమో అనుకుంటుంది. అయితే ఈ ఒక్క భయానికి మాత్రం ఆధారముంది. పోయిన చలికాలం హోరేస్‌కి న్యుమోనియా వచ్చి చావు తప్పింది. ఇంకోసారి ఇలా చలి తగిలితే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు డల్సీని పక్కకి పిలిచి చెప్పాడు. హోరేస్ మాత్రం ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే టరెట్ ఎలా ఉందని అడిగాడు.

టరెట్ అంటే రెండో ప్రపంచ యుద్ధకాలపు లాంకాస్టర్ బాంబర్ తోక చివర, తుపాకులు పేల్చే గన్నర్ కూర్చునే గాజు పంజరం. ఊరిబయట పాత విమానాశ్రయంలో, ఉత్తర సముద్రపు గాలి నేరుగా వచ్చి తగిలే ఒక రేకుల షెడ్డులో, రిటైరైన పెద్దమనుషులు కొందరు ఆ బాంబర్‌ని ముక్కముక్కగా బాగుచేస్తున్నారు. హోరేస్ బస్సుల గరాజులో మెకానిక్కుగా చేసినవాడు కనుక టరెట్ అతని వంతుకి వచ్చింది. ఏళ్ళ తరబడి దానిమీద ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఇందులో డల్సీ తప్పూ కొంత ఉంది. అంతకుముందు హోరేస్ వంటింటి బల్లమీద అరచేతిలో పట్టే బొమ్మ విమానాలు అతికించుకునేవాడు. ఒక ఆదివారం గ్రేవీలో వేలిగోరంత పైలట్ తేలాడు. ఇంకెంతమంది తమ కడుపుల్లోకి దూకేశారో అని డల్సీకి చాలారోజులు నిద్ర పట్టలేదు. నోట్లో పట్టని విమానాలతో ఆడుకోమని తనే పంపించింది.

ఆ సెప్టెంబరు రోజున ఆమె మాట తీసుకుంది. వసంతం వచ్చేదాకా షెడ్డు గడప తొక్కకూడదు. హోరేస్ వెంటనే ఒప్పుకున్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకోవడంతో ఆమెకి భయం రెట్టింపైంది.

అందుకని మర్నాడు ఆ షెడ్డు పెద్దమనుషుల క్లబ్బుకి పెద్ద అయిన థ్రక్స్‌టన్‌కి ఫోను చేసింది. ఆయన్ని అందరూ వింగ్ కమాండర్ అంటారు. జన్మలో విమానం నడపలేదు, బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని రిటైరయ్యాడు. మీసం చూసి ఇచ్చిన బిరుదది. ఆ గాజు పంజరాన్ని మా ఇంటికి పంపించెయ్యండి, వెచ్చగా ఇక్కడే కూర్చుని చేసుకుంటాడు అని డల్సీ చెప్పింది. నేను అడిగినట్టు మాత్రం చెప్పకండి, నాకు ఇష్టమేనని తెలిస్తే విమానం మొత్తం తెచ్చేస్తాడు అని కూడా చెప్పింది.

ఇక హోరేస్ వచ్చి బతిమాలుకుంటాడు, తను కాసేపు బెట్టు చేసి ఒప్పుకోవాలి అనుకుని ఎదురుచూసింది.

హోరేస్ బతిమాలుకోలేదు. పథకం వేశాడు.

"నీ జెరేనియం పూలమొక్కలు ఏటా మంచుకి చచ్చిపోతున్నాయి కదా బాతూ," అన్నాడు ఒకరోజు టీ తాగుతూ. లింకన్‌షైర్‌లో ముద్దొచ్చినా ముప్పొచ్చినా భార్యని బాతూ అనే పిలుస్తారు. "వాటికోసం పాత గాజుగది ఒకటి చూశాను. తెప్పిస్తున్నాను."

ముళ్ళకంపని కూడా నీళ్ళు ఎక్కువ పోసి చంపిన మనిషి హోరేస్. డల్సీ అతని కప్పులో ఇంకాస్త టీ పోసింది.

గాజుగది లారీలో వచ్చింది, తార్పాలిన్ కప్పుకుని. మోసుకొచ్చిన నలుగురి చేతులకీ ఇంజిన్ నూనె ఉంది. జెరేనియంలకి ఇలాంటిదే మంచిదని నలుగురూ ఒకే మాటగా, చర్చిలో ప్రార్థన అప్పజెప్పినట్టు చెప్పారు. తలుపు చట్రం ఊడదీసి, బాయిలర్ ఉన్న బట్టలుతికే గదిలోకి దాన్ని దింపి, అడుగున చెక్క ఫ్రేము బిగించి వెళ్ళిపోయారు.

డల్సీ దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"గాజుగదికి కుర్చీ ఎందుకు?"

"కూర్చుని పూలు చూడ్డానికి."

"ముందువైపు ఈ నాలుగు కంతలెందుకు?"

"గాలికి బాతూ. మొక్కలకి గాలాడాలి."

అబద్ధం కూడా తిన్నగా రానివాడు ఇన్నేళ్ళు తనతో ఎలా నెట్టుకొచ్చాడా అని డల్సీకి జాలేసింది. జాలితోపాటు కోపమూ వచ్చింది. ఒక్క నిజం చెబితే అయిపోయేది కదా. సరే, గాజుగదంటే గాజుగదే. ఇంట్లో ఉన్న జెరేనియం కుండీలన్నీ తెచ్చి లోపల సర్దింది. గన్నర్ సీటు మీద ఒకటి, కాళ్ళు పెట్టుకునేచోట మూడు, తుపాకుల కంతకొకటి చొప్పున చిన్నవి.

అక్కడినుంచి హోరేస్ బతుకు కూలివాడి బతుకైంది. డల్సీ బజారుకి వెళ్ళగానే కుండీలన్నీ దింపాలి, పళ్ళచక్రాలు తోముకోవాలి, ఆమె వచ్చేలోగా ఏ కుండీ ఎక్కడుందో గుర్తుపెట్టుకుని మళ్ళీ ఎక్కించాలి. అతనికి అలవాటయ్యేసరికి డల్సీ వాటి స్థానాలు మార్చేసేది. ఎర్రపూల మొక్క ఒకటి నూనె తాగి నల్లబడింది. దానికి దగ్గు మందు పోయమంటావా అని డల్సీ అడిగింది. వద్దన్నాడు.

తర్వాత చర్చి పూల సంఘం ఆడవాళ్ళని టీకి పిలిచింది. అందరికంటే భారీ మనిషి మిసెస్ గోస్లింగ్ గన్నర్ సీటు మీద చతికిలబడి ఎండుపళ్ళు వేసిన ప్లమ్ బ్రెడ్ తింది. తను టూత్‌బ్రష్‌తో తోమిన చక్రాల్లోకి రొట్టె పొడి రాలుతుంటే హోరేస్ గుమ్మంలో నిలబడి చూశాడు. ఇలాంటి భర్త దొరకడం డల్సీ అదృష్టమని ఆవిడ వెళ్తూ వెళ్తూ అంది. అతను తలూపాడు.

డిసెంబరు వచ్చింది. శనివారం దగ్గర్లోని బోస్టన్ అనే ఊళ్ళో కుండీల ప్రదర్శన ఉందనీ, పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వస్తాననీ హోరేస్ చెప్పాడు. కుండీల మీద ఇంత ప్రేమ వచ్చిందంటే జ్వరం తగిలిందేమోనని డల్సీ అతని నుదురు ముట్టుకుని చూసింది. జ్వరం లేదు.

గురువారం ఆమె బజారుకి బయల్దేరి, రోడ్డు మీద మంచు పేరుకుంటే జారి నడుం విరుగుతుందేమోనని సగం దారిలో వెనక్కి వచ్చేసింది. బట్టలుతికే గదిలో కుండీలన్నీ నేలమీద ఉన్నాయి. హోరేస్ టరెట్‌లో ఉన్నాడు. కదలడం లేదు.

డల్సీ సంచి కింద పడేసి పరుగెత్తింది. దగ్గరికెళ్ళి చూస్తే గాజు మీద ఊపిరి ఆవిరి కనిపించింది. ఊపిరుంది. మనిషి తల వంచుకుని ఉన్నాడు, అంతే.

జరిగిందేమిటంటే, టరెట్ తిరుగుతుందో లేదో చూడాలని లోపల కూర్చుని చేతులతో నెట్టుకున్నాడు. తిరిగింది. పక్కకి తిరిగి, అక్కడే గొళ్ళెం పడి బిగుసుకుపోయింది. ఆ టరెట్ తలుపులు గన్నర్ వీపు వెనక ఉంటాయి. తిన్నగా ఉంటే విమానంలోకి తెరుచుకుంటాయి. పక్కకి తిరిగితే ఆకాశంలోకి తెరుచుకుంటాయి, గన్నర్ పారాచూట్‌తో వెనక్కి పడిపోవచ్చు. ఇక్కడ ఆకాశం లేదు. ఇటుక గోడ ఉంది.

"మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను," అన్నాడు హోరేస్ లోపల్నుంచి.

డల్సీ వెళ్ళి థ్రక్స్‌టన్‌కి ఫోను చేసింది. గన్నర్‌కి దెబ్బ తగిలితే బయటినుంచి తిప్పడానికి కింది వలయానికి ఒక మీట ఉంటుందని ఆయన చెప్పాడు. శనివారంలోగా ఎలాగైనా బయటికి తియ్యమన్నాడు. ఆ రోజు విమానానికి తోక బిగిస్తారట. క్రేన్ కోసం షెడ్డు తలుపులు రెండూ పగలంతా తెరిచే ఉంచుతారట. నిచ్చెన మీద పైపని తనదేనని హోరేస్ మాటిచ్చాడట.

డల్సీ ఫోను పెట్టేసింది. తర్వాత టీ పెట్టుకుని, ముక్కాలిపీట తెచ్చుకుని, టరెట్ ముందు కూర్చుంది. మీట మీద చెయ్యి వేసింది గానీ లాగలేదు.

"దీన్ని ఇక్కడికి పంపించమని థ్రక్స్‌టన్‌ని అడిగింది నేనే. సెప్టెంబర్లోనే," అంది.

హోరేస్ తలెత్తాడు.

"మిసెస్ గోస్లింగ్‌ని కూర్చోబెట్టింది..."

"అదీ నేనే. ఎప్పటికి నిజం చెబుతావా అని చూశాను."

హోరేస్ చెవులు ఎర్రబడ్డాయి. డల్సీ కంత దగ్గరికి వంగింది.

"నాకు నువ్వు కావాలి హోరేస్. ఈ గాజు పంజరం ఇంట్లో ఉన్నా, విమానం మొత్తం వంటింట్లో ఉన్నా నాకు ఫరవాలేదు. డాక్టరు నాతో చెప్పింది నీతో చెప్పలేదు, అది నేనొక్కదాన్నే మోస్తున్నాను. ఇప్పుడు చెప్పు. శనివారం ఎక్కడికి వెళ్తున్నావు?"

హోరేస్ వెనక గోడ వైపు చూశాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు. బాయిలర్ గుర్రుమంది. డల్సీ టీ తాగింది. కప్పు ఖాళీ అయింది. కప్పు కింద పెట్టింది. కిటికీ అవతల మంచు కురవడం మొదలై, పెరటి గోడ తెల్లబడింది. ఆమె మీట మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

"ఎక్కడికీ వెళ్ళడం లేదు బాతూ," అన్నాడు హోరేస్ చివరికి. "ఈ పరిస్థితిలో వెళ్ళే వీలు కూడా కనిపించడం లేదు."