కుండీలో ఇన్‌స్పెక్టరు

బొబ్బిలిలో అప్పలనరసమ్మ మేడ మీద కుండీలో నాటిన రెండు బీర విత్తనాల్లో ఒకటి బీర మొక్కగా, రెండోది ఉద్యాన శాఖ ఇన్‌స్పెక్టరుగా మొలిచాయి. ఫాల్గుణ మాసంలో ఇలాంటివి మామూలే. మొదట కళ్లజోడు పైకి వచ్చింది. తర్వాత చొక్కా జేబు, అందులో పెన్ను. విత్తనం తొక్క కొన్నాళ్లు నెత్తి మీద టోపీలా ఉండి రాలిపోయింది.

ఆ విత్తనాలు ఆమె భర్త చిన్నంనాయుడు ఏళ్ల తరబడి ఏరి నిలబెట్టిన రకానివి. చేదు తగలని పొట్టి బీర. కార్తీకంలో ఆయన పోయాడు. మిగిలినవి ఆ రెండే. ఒక్క కాయ పాదు మీదే ముదిరి ఎండితే రకం నిలుస్తుంది. అంతకుమించి ఆమె ఏమీ ఆశించలేదు.

"నువ్వెందుకు మొలిచావు బాబూ?" అని అడిగింది.

"ఈ పాదు ఎదుగుదల పరిశీలించడానికమ్మా."

"మరి దాని నీళ్లన్నీ నువ్వే తాగేస్తన్నావు."

"నేను వాడిపోతే పరిశీలన ఎవరు చేస్తారు?"

ఆమె ఇంకో చెంబు పోసింది. ఇన్‌స్పెక్టరు ఏపుగా ఎదిగాడు. పందిరి ఆయన మోచేతుల కింద వంగింది. పక్క డాబా గౌరమ్మ చూసి మెచ్చుకుంది.

"మేం వంగ వేస్తే గుమస్తా మొలిచాడు వదినా. నీకు ఏకంగా ఇన్‌స్పెక్టరే. మట్టి ఎక్కడ తెచ్చావేటి?"

అప్పలనరసమ్మ ఆఫీసుకు వెళ్లి, పీకేయవచ్చా అని అడిగింది. మొలిచిన ఉద్యోగిని పీకే అధికారం ఎవరికీ లేదన్నారు. వేళ్లతో సహా మరో కుండీకి బదిలీ చేయవచ్చు గాని, వేసవిలో బదిలీలపై నిషేధం ఉందన్నారు. చెప్పినతను నడుము దాకా మట్టిలోనే ఉన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు.

చైత్రంలో బీర మొక్క ఒక్క పిందె వేసింది. ఆమె దానికి తడిగుడ్డ చుట్టి, పైన గొడుగు కట్టింది. పిందె వేలంత అయ్యాక ఇన్‌స్పెక్టరు చెయ్యి చాచి తుంచాడు.

"అదేటి బాబూ?"

"నమూనా."

"ఉన్నది అదొక్కటే కదా."

"ఒక్కటే ఉన్నప్పుడు అదే నమూనా అమ్మా."

పరీక్ష ఫలితం వచ్చింది. ఈ రకం అరుదైనది, తప్పక కాపాడదగినది అని అందులో ఉంది. ఇన్‌స్పెక్టరు దాన్ని ఆమెకు చదివి వినిపించాడు, బాగుందని మళ్లీ చదివాడు. అప్పటికి పాదు ఎండిపోయింది. ఆమె తీగను పందిరి నుంచి తెగకుండా విడదీసి, చుట్టగా చుట్టి పక్కన పెట్టింది. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

వైశాఖంలో ఇన్‌స్పెక్టరు కూడా ముదిరి ఎండాడు. గాలి వీచినప్పుడు లోపల గింజలు గలగలలాడేవి. ఆమె ఆయన్ని కోసి, గింజలు దులిపి, బూడిద కలిపి కుండలో పోస్తుంటే గౌరమ్మ పిట్టగోడ అవతల నుంచి చూసింది.

"ఇంత చేసినోడి గింజలు దాస్తన్నావేటి వదినా? పారెయ్."

"కుండీ ఖాళీగా ఉంటే ఆఫీసోళ్లే ఎవర్నో ఒకర్ని తెచ్చి నాటేస్తారు," అంది అప్పలనరసమ్మ, కుండకు మూత పెడుతూ. "ఈడైతే ఎంత తాగుతాడో మనకి తెలుసు."